ఆటో స్టార్ట్-స్టాప్ మొరాయిస్తోందా? లోపాన్ని వరుసగా వెతికి పట్టుకునే సమగ్ర మార్గదర్శి

సిగ్నల్ దగ్గర కారు ఆగగానే ఇంజిన్ దానంతటదే ఆగాలి. బ్రేకు మీంచి కాలు తీయగానే, మాన్యువల్ గేర్ల కారైతే క్లచ్ నొక్కగానే, మళ్లీ అందుకోవాలి. స్టార్ట్-స్టాప్ చేయాల్సిందల్లా ఇంతే. కానీ వినిపించే ఫిర్యాదులు వేరేగా ఉంటాయి. "కొన్న కొత్తలో బాగుండేది, ఇప్పుడు అసలు ఆగడమే లేదు" అంటారు ఒకరు. "ఒకరోజు ఆగుతుంది, మూడు రోజులు ఊసే ఉండదు" అంటారు ఇంకొకరు. "కూడలి మధ్యలో ఆగి మళ్లీ లేవలేదు" అని చెప్పేవాళ్ల గొంతులో భయం వినిపిస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది బటన్ నొక్కి దాన్ని ఆపేసి సంగతి మరిచిపోతారు. లేదంటే ఎవరు ఏ పార్టు పేరు చెబితే అది మార్పించుకుంటూ పోతారు. రెండూ వద్దంటాను. స్టార్ట్-స్టాప్ పనిచేయాలంటే బ్యాటరీ, బ్రేకులు, సెన్సర్లు, ఇంజిన్ వేడి అన్నీ ఒకేసారి సరిగ్గా కుదరాలి. వాటిలో ఏది తగ్గినా కారు మొదట మానేసే పని ఇదే. మిగతావన్నీ నడుస్తున్నట్టే కనిపిస్తాయి కాబట్టి, ఏదో తగ్గుతోందన్న కబురు అన్నిటికంటే ముందు మీకు ఇక్కడే తెలుస్తుంది. దాన్ని చదవడమెలాగో, ఏ వరుసలో వెతికితే డబ్బూ కాలమూ కలిసొస్తాయో చెబుతాను. పెట్రోలు, డీజిలు ఇంజిన్లున్న మామూలు కార్లకూ, చిన్న బెల్టు మోటారు తోడున్న మైల్డ్ హైబ్రిడ్లకూ ఇది వర్తిస్తుంది. పూర్తి హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ ఆగి లేచే పద్ధతే వేరు, వాటిని ఇక్కడ కలపడం లేదు.

ముందు మీ ఫిర్యాదు ఏ రకమో తేల్చుకోండి

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం వెతుకులాట తప్పుతుంది. ఫిర్యాదులు నాలుగు రకాలు:

1. ఇంజిన్ అసలు ఆగడం లేదు.
2. ఆగుతోంది గానీ, మీరు బ్రేకు మీద కాలు ఉంచి ఉండగానే తనంతట తానే లేచిపోతోంది.
3. లేస్తోంది గానీ ఆలస్యంగా, కుదుపుతో, లైట్లు మసకబారుతూ లేస్తోంది.
4. ఆగాక లేవడం లేదు.

మొదటి రెండూ చాలావరకు కారు జాగ్రత్త పడుతున్న సూచనలు, కంగారక్కర్లేదు. మూడోది హెచ్చరిక. నాలుగోది ప్రమాదం. వెనక నుంచి వాహనాలు వస్తుండగా రోడ్డు మధ్యలో కదలలేక నిలిచిపోవడం చిన్న సంగతి కాదు. 2022లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, 2016 నుంచి 2019 వరకు మోడళ్ల హోండా పైలట్ కార్ల మీద దర్యాప్తు మొదలుపెట్టింది కూడా ఇలా ఆగి లేవడం లేదన్న ఫిర్యాదుల మీదే. కాబట్టి నాలుగో రకం ఒక్కసారి జరిగినా సరే, కారణం తేలేవరకు కారెక్కిన ప్రతిసారీ ముందు ఆ బటన్ నొక్కి స్టార్ట్-స్టాప్ ఆపేసుకోండి. ఆ తర్వాతే మిగతా పరీక్షలు.

ఒక వారం పాటు ఫోనులోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి: ఎంతసేపు నడిపాక ఆగింది లేదా ఆగలేదు, ఏసీ ఉందా, బయట ఎండా చలా, రోడ్డు వాలుగా ఉందా, డ్యాష్‌బోర్డు మీద ఏ గుర్తు వచ్చింది. మెకానిక్‌కు "అప్పుడప్పుడు పనిచేయదు" అని చెప్పడం కంటే ఈ కాగితం వంద రెట్లు మేలు.

లోపం లేకపోయినా ఆగని సందర్భాలు

కారు కంప్యూటర్ ఇంజిన్‌ను ఆపే ముందు పెద్ద జాబితానే చూసుకుంటుంది. ఇంజిన్ నీళ్లు తగినంత వేడెక్కాయా, బ్యాటరీలో చాలినంత చార్జి ఉందా, బ్రేకు బూస్టర్‌లో (మీ నొక్కుడుకు బలం కలిపే భాగం) వాక్యూమ్ ఉందా, సీటు బెల్టు పెట్టుకున్నారా, డ్రైవర్ తలుపు, బానెట్ మూసి ఉన్నాయా, స్టీరింగ్ బాగా తిప్పి ఉందా, రోడ్డు మరీ ఏటవాలా, అద్దం మీద ఆవిరి తీసే డీఫాగర్ ఆన్‌లో ఉందా అని వరుసగా అడుగుతుంది. ఒక్క జవాబు తేడాగా వచ్చినా ఆపదు.

ఎక్కువమందిని తికమక పెట్టేది ఏసీ. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే చల్లగాలీ ఆగుతుంది. లోపల మీరు పెట్టిన ఉష్ణోగ్రత ఇంకా రాకపోతే కారు ఇంజిన్‌ను ఆపదు, ఆపినా కొద్దిసేపట్లోనే లేపేస్తుంది. మండుటెండలో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని స్టార్ట్-స్టాప్ పనిచేయడం లేదంటే అది లోపం కాదు. అలాగే బారులు తీరిన ట్రాఫిక్‌లో అడుగడుగునా కదులుతున్నప్పుడు రెండో ఆగుడుకు ఇంజిన్ ఆగకపోవచ్చు. చివరిసారి ఆగినప్పటి నుంచి కొంత వేగం అందుకుంటేనే మళ్లీ ఆపాలన్న నియమం చాలా కార్లలో ఉంటుంది. రివర్స్ వేసిన వెంటనే, స్పోర్ట్ మోడ్‌లో, వెనక ట్రైలర్ తగిలించినప్పుడు కూడా ఆపవు. డీజిలు కార్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసిని కాల్చుకుంటున్నంతసేపూ ఆపకూడదు కూడా.

అందుకే ముందు ఒక శుద్ధమైన పరీక్ష పెట్టండి. ఖాళీ రోడ్డు మీద 20–30 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడపండి. ఏసీ, డీఫాగర్, సీటు హీటర్ అన్నీ ఆపేయండి. చదునైన చోట, సురక్షితంగా, స్టీరింగ్ నిటారుగా ఉంచి పూర్తిగా ఆపండి. ఆటోమేటిక్ అయితే బ్రేకును గట్టిగా నొక్కండి. లేతగా నొక్కితే "కాసేపట్లో కదులుతారేమో" అనుకుని ఇంజిన్‌ను ఆపని కార్లు చాలానే ఉన్నాయి. మాన్యువల్ అయితే న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా వదలండి. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటున్న వాళ్లకు ఇది ఎన్నటికీ పనిచేయదు, అయినా తప్పు కారు మీదకే పోతుంది.

ఇలా మూడు నాలుగు చోట్ల ఆపి చూడండి. ఆగితే వ్యవస్థ బాగున్నట్టే, మీ రోజువారీ పరిస్థితులే అడ్డు. ఒక్కచోటా ఆగకపోతే కింది మెట్లు ఎక్కండి. మీటర్ల మధ్య తెర ఉన్న కార్లలో మెనూలోకి వెళ్తే "బ్యాటరీ చార్జి అవుతోంది", "ఇంజిన్ వేడెక్కలేదు" లాంటి కారణం నేరుగా కనిపించవచ్చు. దాన్ని చూడకుండా ఏ పార్టూ ముట్టుకోవద్దు.

బానెట్ ఎత్తే ముందు ఒక మాట. స్టార్ట్-స్టాప్‌లో ఆగిన ఇంజిన్ నిజంగా ఆపేసిన ఇంజిన్ కాదు, అది ఏ క్షణమైనా తిరగొచ్చు. చెయ్యి లోపల పెట్టే ముందు ఇగ్నిషన్ పూర్తిగా ఆపి, తాళం లేదా స్మార్ట్ కీ దూరంగా పెట్టండి.

బ్యాటరీ: వెతకడం ఇక్కడ మొదలుపెట్టండి

"సెల్ఫ్ బ్రహ్మాండంగా కొడుతోంది, బ్యాటరీకేం రోగం?" అన్న మాట నమ్మొద్దు. పొద్దున ఒక్కసారి ఇంజిన్ లేపడానికి సగం చార్జి ఉన్న బ్యాటరీ అయినా సరిపోతుంది. స్టార్ట్-స్టాప్‌కు అది చాలదు. ఇంజిన్ ఆగినప్పుడు లైట్లు, ఫ్యాను, తెర, ఎలక్ట్రిక్ స్టీరింగ్ భారం మొత్తం బ్యాటరీ మీదే పడుతుంది, ఆ తర్వాత మళ్లీ ఇంజిన్‌ను లేపే ఓపిక మిగలాలి. అందుకని చార్జి సుమారు మూడొంతులకు తగ్గగానే చాలా కార్లు ఆపడం మానేస్తాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో, వారాల తరబడి నిలిపి ఉంచే కారులో ఇది సహజంగానే జరుగుతుంది.

నెగటివ్ టెర్మినల్ మీద చిన్న డబ్బాలా ఒక సెన్సర్ బిగించి ఉంటుంది. లోపలికి ఎంత కరెంటు వెళ్లింది, బయటకు ఎంత పోయింది, బ్యాటరీ ఎంత వేడిగా ఉంది అన్నది అది ఎప్పటికప్పుడు లెక్క కడుతుంది. కొత్త కార్లలో ఆల్టర్నేటర్ కూడా ఈ లెక్క ప్రకారమే నడుస్తుంది. వేగం తగ్గేటప్పుడు వచ్చే ఉచిత శక్తిని పట్టుకోవడానికి, కుండలో పైన కాస్త వెలితి ఉంచినట్టు, బ్యాటరీని పూర్తిగా నింపకుండా చోటు వదులుతుంది. అందువల్ల నడుస్తున్నప్పుడు వోల్టేజి ఒకసారి 12.5, ఇంకోసారి 14.8 చూపించినా ఆల్టర్నేటర్ పోయిందని కంగారు పడొద్దు.

ఇప్పుడు మల్టీమీటర్ తీయండి. రాత్రంతా నిలిపిన కారు అయితే మంచిది, కనీసం నాలుగైదు గంటలైనా కదలకుండా ఉండాలి. తలుపు తెరిస్తే కంప్యూటర్లన్నీ మేలుకుంటాయి కాబట్టి బానెట్ తెరిచాక అవి మళ్లీ నిద్రపోయేదాకా 20–40 నిమిషాలు ఆగి, 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ప్రోబులను నేరుగా బ్యాటరీ పోస్టులకే ఆనించండి. మామూలు ద్రవ బ్యాటరీ లేదా ఈఎఫ్‌బీ (స్టార్ట్-స్టాప్ కోసం బలపరిచిన ద్రవ బ్యాటరీ) నిండుగా ఉంటే 12.6–12.7 వోల్టులు చూపిస్తుంది. ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో ఇంకించిన బ్యాటరీ) అయితే 12.8 లేదా అంతకు పైన. మీది ఏదో బ్యాటరీ మీదే రాసి ఉంటుంది. 12.4 అంటే సుమారు మూడొంతులు, 12.2 అంటే సగం, 12.0 దిగువన అంటే దాదాపు ఖాళీ. 12.4 చుట్టుపక్కల కనిపిస్తే మీ మొదటి రకం ఫిర్యాదుకు కారణం దొరికినట్టే.

ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించి అదే చోట ఎంత పడుతుందో చూడండి. మీటరులో కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉంటే వాడండి, లేకపోతే అంకె కంటికి అందదు. 10 వోల్టుల పైన ఉంటే ఫరవాలేదు. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ మీదో, దాని తీగల మీదో అనుమానం గట్టిపడుతుంది.

చార్జి తక్కువుందని తేలితే వెంటనే కొత్త బ్యాటరీ కొనొద్దు. ముందు పూర్తిగా చార్జి చేసి చూడాలి. దగ్గర దగ్గర తిరుగుళ్లతో అది నిండదు. స్మార్ట్ చార్జర్ తీసుకుని, బ్యాటరీ ఏజీఎం అయితే ఆ మోడ్ పెట్టి, రాత్రంతా లేదా ఒక పూర్తి రోజు వదిలేయండి. ఏజీఎంకు 14.8 వోల్టులు దాటకూడదు, పాతకాలపు మొరటు చార్జర్లతో అది పాడవుతుంది. ఇక్కడ చాలామంది ఒక చిన్న విషయం పట్టించుకోరు: చార్జర్ నల్ల క్లిప్పును బ్యాటరీ నెగటివ్ పోస్టుకు పెట్టకండి, బాడీకి ఉన్న ఎర్త్ బోల్టుకు పెట్టండి. పోస్టుకే పెడితే లోపలికి వెళ్లిన కరెంటు సెన్సర్‌ను దాటుకుని పోతుంది. బ్యాటరీ నిండినా కారు మాత్రం ఇంకా ఖాళీ అనే అనుకుంటుంది. చార్జి అయ్యాక తాళం వేసి కొన్ని గంటలు కదపకుండా వదిలేస్తే సెన్సర్ తన లెక్క సరిచేసుకుంటుంది. అప్పుడు పైన చెప్పిన శుద్ధమైన పరీక్ష మళ్లీ చేయండి.

ఇప్పుడు బాగా పనిచేసి వారం తిరక్కుండానే మళ్లీ మానేస్తే మూడు దారులున్నాయి. మీ తిరుగుడే తక్కువ కావచ్చు. బ్యాటరీ ముసలిదై ఉండవచ్చు. లేదా ఆపి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతూ ఉండవచ్చు. మూడోదాన్ని తేల్చడానికి నెగటివ్ తీగ చుట్టూ సన్నని కరెంటును చూపగలిగే డీసీ క్లాంప్ మీటర్ పెట్టి చూడండి. కారు నిద్రపోవడానికి 20–40 నిమిషాలు, కొన్నింటికి గంట దాకా పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీఆంపియర్ల లోపుండాలి. డ్యాష్ కెమెరా, ట్రాకర్, ఓబీడీ సాకెట్‌లో (లోపాల కోడ్లు చదవడానికి స్కానర్ తగిలించే చోటు) మరిచిపోయిన చిన్న డాంగిల్, వీటిని ముందు పీకి చూడండి. ఆ డాంగిల్ కొన్ని కార్లను అసలు నిద్రపోనివ్వదు.

షాపులో చిన్న టెస్టర్‌తో చూసి "సీసీఏ (చలిలో సెల్ఫ్ కొట్టే కరెంటు) బాగుంది, బ్యాటరీ గుడ్" అని చీటీ ఇస్తే అదే తుది మాట అనుకోకండి. ఆ యంత్రం చూసేది ఒక్కసారి గట్టిగా సెల్ఫ్ కొట్టే సత్తువను. ఎంతసేపు భారం మోయగలదు అన్నది వేరే. పాత ఏజీఎం సీసీఏ పరీక్షలో నెగ్గుతుంది గానీ, ఆగిన కారులో రెండు నిమిషాలు లైట్లు, ఫ్యాను మోసేసరికి నీరసించిపోతుంది. నాలుగైదేళ్లు దాటిన బ్యాటరీ, నిండా చార్జి చేసినా ఒక రాత్రిలో వోల్టేజి జారిపోతుంటే నేను మార్చేయమనే అంటాను, చీటీ ఏం చెప్పినా సరే.

బ్యాటరీ మార్చాల్సి వస్తే

ఏజీఎం ఉన్న చోట ఏజీఎమ్మే పెట్టాలి. ఈఎఫ్‌బీ ఉన్న చోట ఈఎఫ్‌బీ పెట్టండి. కంపెనీ అనుమతిస్తే ఏజీఎంకు మారవచ్చు, కానీ ఇంజిన్ పక్కనే వేడి తగిలే చోట ఏజీఎం ఆయుష్షు తగ్గుతుందని గుర్తుంచుకోండి. తక్కువకు వస్తోందని మామూలు బ్యాటరీ వేస్తే మొదట బాగానే నడుస్తుంది, రోజూ పదేపదే ఖాళీ అవడం నిండడం తట్టుకోలేక కొన్ని నెలల్లోనే చతికిలబడుతుంది. స్టార్ట్-స్టాప్ నమ్మదగనిదన్న చెడ్డపేరులో కొంత వాటా ఈ పొదుపుదే. డిక్కీలోనో సీటు కిందో ఉన్న బ్యాటరీకి వాయువు బయటకు పోయే సన్నని గొట్టం ఉంటే, దాన్ని తిరిగి తగిలించారో లేదో మీరే చూసుకోండి.

తర్వాతి పని, కొత్త బ్యాటరీ వచ్చిందని కారుకు తెలియజెప్పడం. బీఎండబ్ల్యూ, ఆడి, ఫోక్స్‌వ్యాగన్, ఫోర్డ్ వంటి కంపెనీల అనేక కార్లలో స్కానర్‌తో బ్యాటరీ నమోదు లేదా రీసెట్ చేయాలి. చేయకపోతే కంప్యూటర్ కొత్తదాన్ని కూడా పాత ముసలి బ్యాటరీ లెక్కలోనే చార్జి చేస్తుంది, స్టార్ట్-స్టాప్‌ను ఆపే ఉంచుతుంది. "బ్యాటరీ మార్చినా పనిచేయలేదు" అన్నవాళ్లను మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. కొన్ని కార్లకు ఇది అక్కర్లేదు, అవి కొన్నాళ్లలో తామే నేర్చుకుంటాయి. మీ కారు పుస్తకంలో చూడండి.

మీ కారులో రెండో బ్యాటరీ ఉందేమో కూడా కనుక్కోండి. జీప్ రాంగ్లర్, కొన్ని వోల్వోలు, కొన్ని మెర్సిడెస్‌లలో చిన్న సహాయక బ్యాటరీ విడిగా ఉంటుంది. పెద్దదాన్ని ఎన్నిసార్లు మార్చినా ఆ చిన్నది నీరసంగా ఉంటే ఫలితం ఉండదు. సిట్రోయెన్, ప్యూజోల ఈ-హెచ్‌డీఐ కార్లలో ఇంజిన్‌ను తిరిగి లేపడానికి అల్ట్రాకెపాసిటర్లు వాడారు. సుజుకీ స్మార్ట్ హైబ్రిడ్లు కొన్నింట్లో విడిగా లిథియం బ్యాటరీ ఉంటుంది.

తీగలు, ఎర్త్: పావుగంట పని, మంచి ఫలితం

బ్యాటరీ బాగుండి కూడా ఇంజిన్ నీరసంగా లేస్తుంటే, లేచే క్షణంలో మీటర్లు మినుకుమంటుంటే, తీగల్లో ఎక్కడో అడ్డు ఉంది. కంటికి శుభ్రంగా కనిపించినంత మాత్రాన అతుకు బాగున్నట్టు కాదు. దీన్ని కొలిచే చూడాలి.

మల్టీమీటర్ ఎర్ర ప్రోబును ఇంజిన్ మీద రంగు లేని శుభ్రమైన లోహానికి, నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టుకు ఆనించండి. పోస్టుకే, దాని మీది క్లాంపుకు కాదు. అప్పుడే పోస్టుకూ క్లాంపుకూ మధ్యనున్న అతుకు కూడా కొలతలోకి వస్తుంది. ప్రోబు తీగలు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని, తోడున్నవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. తెర మీద అంకె సున్నా దగ్గర నుంచి ఒక్కసారి పైకి దూకి దిగుతుంది. ఆ దూకినప్పటి విలువ 0.2–0.3 వోల్టుల లోపుంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు, ఆపైన కనిపిస్తే ఇంజిన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ పట్టీల్లో ఏదో తుప్పు పట్టింది లేదా వదులైంది. బోల్టు విప్పి, రెండు ముఖాలూ మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి మళ్లీ కొలవండి. పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా, అర వోల్టు లోపుండాలి.

స్విచ్చులు, సెన్సర్లు

బానెట్ గొళ్లెంలో ఒక స్విచ్చు ఉంటుంది. అది పాడై "బానెట్ తెరిచి ఉంది" అని చెబుతుంటే కారు స్టార్ట్-స్టాప్ వదులుకుంటుంది, లోపల ఎవరి చెయ్యైనా ఉందేమోనన్న జాగ్రత్త అది. దుమ్ము, మట్టి చేరి పాడవడం మామూలే, ముందు శుభ్రం చేసి చూడండి. డ్రైవర్ తలుపు స్విచ్చు, సీటు బెల్టు బకిల్ స్విచ్చు కూడా ఇదే కోవ.

బ్రేకు పెడల్ స్విచ్చు మాత్రం బాగా మోసం చేస్తుంది. చాలా కార్లలో అందులో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి వెనక లైట్లు వెలిగిస్తుంది, రెండోది కంప్యూటర్‌కు కబురు చెబుతుంది. లైట్లు వెలుగుతున్నాయి కదాని స్విచ్చు బాగుందనుకుంటాం, రెండోది చచ్చిపోయి ఉంటుంది. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి పెడల్‌ను నెమ్మదిగా నొక్కుతూ చూడండి. రెండు విలువలూ మారాలి. ఒకటి మారి ఇంకొకటి కదలకపోతే, లేదా పెడల్ మధ్యలో ఉన్నప్పుడు అటూ ఇటూ కొట్టుకుంటుంటే దొరికినట్టే. మాన్యువల్ కార్లలో క్లచ్ స్విచ్చులనూ, గేర్ బాక్సు మీది న్యూట్రల్ సెన్సర్‌నూ ఇలాగే చూడాలి.

మామూలు ఓబీడీ రీడర్ ఇంజిన్ కోడ్లు మాత్రమే చూపుతుంది. బాడీ, బ్రేకు, బ్యాటరీ కంప్యూటర్లలో దాగిన కోడ్లు చూడాలంటే మీ కంపెనీకి సరిపోయే యాప్ లేదా మంచి స్కానర్ కావాలి. చాలా కంపెనీల కార్లలో ఇంజిన్‌ను ఎందుకు ఆపలేదో కారణాల జాబితానే లోపల నిల్వ ఉంటుంది. మెకానిక్‌ను దాన్ని తీసి చూపించమని అడగండి. పార్టులు మార్చే ముందు ఆ జాబితా తెరవని వర్క్‌షాపు నుంచి కారు వెనక్కి తెచ్చుకోవడమే మంచిది.

ఇంజిన్ వేడి, వాక్యూమ్

ఇంజిన్ నీళ్ల వేడిని అదుపుచేసే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ నీళ్లు ఎంత నడిపినా తగినంత వేడెక్కవు. కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని ఆపదు. మైలేజీ కూడా పడిపోతుంది. పీ0128 కోడ్ కనిపిస్తే ఇది చూడండి.

రెండో రకం ఫిర్యాదులో, అంటే ఆగిన వెంటనే లేచిపోతుంటే, ముందు ఏసీ ఆపి చూడండి. అయినా కొద్ది సెకన్లకే లేస్తుంటే బ్రేకు బూస్టర్ వాక్యూమ్ కారిపోతోందేమో చూడాలి. ఆగిన కారులో పెడల్‌ను పదేపదే నొక్కితే ఇంజిన్ లేవడం సహజం, బ్రేకు సత్తువ తగ్గకుండా అది కాపాడుతుంది. పెడల్ కదపకుండానే లేస్తూ, దగ్గర సుయ్‌మనే శబ్దం, పెడల్ గట్టిపడటం కూడా ఉంటే ఆ లోపం బ్రేకులది. స్టార్ట్-స్టాప్ సంగతి తర్వాత, బ్రేకులు ఆరోజే చూపించండి.

లేవడంలో తడబాటు, లేదా అసలు లేవకపోవడం

ఇక్కడ చెవి బాగా పనికొస్తుంది. సెల్ఫ్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ లేదా తీగలు. ఒక్క టక్కుమనే శబ్దం వచ్చి ఆగిపోతే బ్యాటరీ, తీగలు లేదా సెల్ఫ్ సోలనాయిడ్. హుషారుగా తిరిగి కూడా ఇంజిన్ అందుకోకపోతే ఇంధనం లేదా క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది). ఏ శబ్దమూ లేకపోతే స్విచ్చులు, కంప్యూటర్ ఆదేశాల వైపు చూడాలి. సీటు బెల్టు విప్పడం వల్లో తలుపు తీయడం వల్లో కారు పూర్తిగా ఆగిన స్థితిలోకి వెళ్లిపోయిందేమో కూడా గమనించండి. అప్పుడు మామూలుగా బటన్ లేదా తాళంతోనే లేపాలి.

క్రాంక్ సెన్సర్ లోపం ఒక తీరుగా ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క పట్టున లేస్తుంది, అరగంట నడిపి వేడెక్కాక సిగ్నల్ దగ్గర లేవదు, పది నిమిషాలు చల్లారితే ఏమీ జరగనట్టే లేస్తుంది. ఇంధన పంపులో ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వు కారుతున్నా లేవడం ఆలస్యమవుతుంది. ఆటోమేటిక్‌లో ఇంజిన్ బాగానే లేచి, కదిలేటప్పుడు మాత్రం దబ్బుమని కుదిపితే గేర్ బాక్సుకు ఒత్తిడి నిలిపే సహాయక పంపును, గేర్ ఆయిలును చూడమనండి. బెల్టు మోటారుతో లేచే కార్లలో బెల్టు, దాని టెన్షనర్ అరుగుతాయి, లేచేటప్పుడు కీచుమంటే అక్కడ మొదలుపెట్టండి.

రోడ్డు మీద లేవకపోతే: బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి, హజార్డ్ లైట్లు వేయండి. ఆటోమేటిక్‌ను పీలో, మాన్యువల్‌ను న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి మామూలుగా స్టార్ట్ చేయండి. లేవకపోతే ఇగ్నిషన్ పూర్తిగా ఆపి, కొన్ని సెకన్లు ఆగి మరోసారి ప్రయత్నించండి. చాలాసార్లు రెండో ప్రయత్నానికి అందుకుంటుంది. వాలులో కారును జారనిచ్చి లేపాలని చూడకండి, ఇంజిన్ ఆగిన కారులో బ్రేకు పెడల్ కొద్ది నొక్కుళ్లకే రాయిలా బిగిసిపోతుంది. వేరే కారు నుంచి జంప్ స్టార్ట్ చేస్తే, పుస్తకంలో చూపిన పాయింట్లకే తగిలించండి, నల్ల క్లిప్పు ఇక్కడ కూడా బాడీ ఎర్త్‌కే.

ఆపేసుకోవాలనుకుంటే

ఆపేసుకోవడం తప్పేమీ కాదు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల లెక్క ప్రకారం 10 సెకన్లకు మించి ఊరికే తిరిగే ఇంజిన్, ఆపి లేపడం కంటే ఎక్కువ ఇంధనం తాగుతుంది. మీ ఆగుళ్లన్నీ అంతకంటే చిన్నవైతే మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు. పొడవైన సిగ్నళ్లున్న నగరంలో తిరిగితే మాత్రం దీన్ని బాగుచేయించుకోవడమే లాభం. సెల్ఫ్ మోటారు త్వరగా అరిగిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు, ఈ కార్లలో దాన్ని పదేపదే తిరగడానికి తగ్గట్టు బలంగానే చేస్తారు. ఈ ఆలోచన కూడా నిన్నమొన్నటిది కాదు. టయోటా 1974లోనే క్రౌన్ కారులో ఇలాంటిది పెట్టింది. ఐరోపా సమాఖ్య 2009లో కొత్త కార్లకు సగటున కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టాక అన్ని కంపెనీలూ దీని వెంట పడ్డాయి.

బటన్ ప్రతిసారీ నొక్కాల్సి రావడం విసుగే. చివరి ఎంపికను గుర్తుపెట్టుకునే చిన్న మాడ్యూళ్లు దొరుకుతాయి, వారంటీ మీద ప్రభావం ఉంటుందేమో ముందు కనుక్కోండి. బానెట్ స్విచ్చు కనెక్టర్ పీకి పారేయమనే సలహా మాత్రం వినకండి. దొంగల అలారం దెబ్బతింటుంది, ఎవరైనా బానెట్ తెరిచినా కారుకు తెలియదు.

ఆపేసుకున్నా ఆపకపోయినా ఒక అలవాటు చేసుకోండి. గ్యారేజీలో కారు దిగే ముందు ఇంజిన్ స్టార్ట్-స్టాప్‌తో ఆగిందా, మీరే ఆపారా అన్నది మీటర్లు చూసి నిర్ధారించుకోండి. చప్పుడు లేదు కదాని దిగిపోతే, మూసిన గ్యారేజీలో అది మళ్లీ లేచి విషవాయువు నింపే ప్రమాదం ఉంది.

వర్క్‌షాపులో ఏం అడగాలి

మీరు రాసిన కాగితం, వోల్టేజి అంకెలు చేతికివ్వండి. నాలుగింటిలో ఏ రకమో చెప్పండి. మీ కారు నంబరుకు కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గానీ, రీకాల్ గానీ ఉందేమో చూడమనండి. నాలుగో రకంలో ఇది చాలాసార్లు అసలు పరిష్కారం అవుతుంది, ఖర్చు కూడా కంపెనీదే కావచ్చు. బ్యాటరీ మారిస్తే నమోదు చేశారా అని అడిగి, స్కానర్ తెర మీద చూపించమనండి.

బాగైందని కారు చేతికిచ్చాక ఆ ఆవరణలో ఒక చుట్టు తిప్పి ఒప్పుకోవద్దు. చల్లటి ఇంజిన్‌తో, కొత్తగా చార్జి అయిన బ్యాటరీతో తేలేదేమీ ఉండదు. కారు ఇంటికి తెచ్చుకుని, రెండు మూడు రోజులు మీ మామూలు దారిలో నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీతోనూ ఏసీ లేకుండానూ ఆగి లేస్తోందా చూడండి. నాలుగో రకం ఫిర్యాదైతే ఈ రోజుల్లో రద్దీ లేని చోట్లే ఆగనివ్వండి, మిగతా అంతటా బటన్‌తో ఆపేసుకోండి.